తోలు తిత్తులు దించేసిన బండి

మా మామ పోయాడని ఆదివారం పొద్దున త్రిపురాంతకం బస్సులో వచ్చిన మనిషి చెప్పాడు. మా అమ్మకు తమ్ముడు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. కబురు విన్న వెంటనే నాకు గుర్తొచ్చింది ఆయనకు ఇచ్చి తప్పిన ఒక మాట. "బామ్మర్దీ, నీ తిత్తులు లేకుండా ఈ బండి మార్కాపురం దాటదు," అని మా నాయన ఆ మాట ఇచ్చినప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను. అది యాభై ఏళ్లనాటి సంగతి.

ఈ మధ్య మా సంఘం వాళ్లు అచ్చేసిన ఒక సంచికలో "తొలి మోటారు సువార్త యాత్ర" అని రెండు పేజీలు రాశారు. అందులో లారీ ఉంది, హార్మోనియం ఉంది, దొరగారి దయ ఉంది. ఆ లారీని ఊళ్లు తిరగడానికి, గుడారం వేసుకుని బతకడానికి పనికొచ్చేట్టు తయారుచేసిన మనిషి మాత్రం లేడు. రాసినవాళ్లకు తెలియదని నేను నమ్మను. అందుకే ఈ నాలుగు మాటలు.

అప్పట్లో మనది కర్నూలు జిల్లా, పైన మద్రాసు ప్రభుత్వం. ఎవరో కాంట్రాక్టరు వాడి వదిలేసిన లారీని మిషన్ వాళ్లు కొన్నారు. ఎండాకాలంలో కోతలు అయిపోయి కూలి జనం ఖాళీగా ఉంటారు గనుక అప్పుడే పల్లెలు తిరగాలని ఏర్పాటు. అదే కాలంలో మిషన్ నడిపే తెల్ల దొరగారు చల్లని కొండలకు వెళ్లిపోయేవారు. యాత్ర బాధ్యతంతా మా నాయనది. ఆయన పాస్టరు. నేను అప్పటికి మిషన్ బడిలో పంతులుగా చేరి రెండేళ్లయింది.

మామ తోలు పనివాడు, చెక్క పని కూడా వచ్చు. చుట్టుపక్కల రైతుల కపిల బావులకు తోలు తొండాలు కుట్టేవాడు. ఎద్దులు లాగితే బాన పైకొచ్చి, ఆయన కుట్టిన తొండంలోంచే నీళ్లు పొలానికి పారేవి. ఆ నీళ్లు దోసిళ్లతో తాగే రైతులు, ఆయన చెయ్యి మాత్రం బావిలో పడనిచ్చేవాళ్లు కాదు.

ఆయన లారీ చుట్టూ రెండుసార్లు తిరిగి, కింద దూరి, బయటికొచ్చి చేతులు దులుపుకుని అడిగిన మొదటి మాట నాకింకా గుర్తు: "నీళ్లెక్కడ పెడతారు?"

"పోయిన ఊళ్లో తాగుతాం," అన్నాడు నాయన.

మామ నవ్వాడు. మనం దిగేది ఊరి బయట మన పాలేల్లో. పాలెంలో ఉన్నవాళ్లకే కడవ నీళ్లకు పూట పడుతుంది. ఊరి బావి మనది కాదు. మనం పదకొండు మంది పోయి వాళ్ల కడవలు ఖాళీ చేసి దేవుడి మాటలు చెప్తే ఎవరు వింటారని అడిగాడు. తానే తోలు తిత్తులు కుట్టి బండికి కడతానన్నాడు. నాయన ఒప్పుకున్నాడు. మాట ఇచ్చింది అప్పుడే.

ఎడారులు దాటిన తెల్లవాళ్లు రాసిన పుస్తకాలు నేను చాలానే చదివాను. ఒంటెలు, తోలు సంచులు, నీళ్ల లెక్క తప్పి చచ్చినవాళ్లు. మామ ఒక్క పుస్తకమూ చదవలేదు. వాళ్ల ఎడారిలో బావి ఉండదు. మన ఎడారిలో బావి ఉంటుంది, దాని ఒడ్డున కర్ర పట్టుకుని మనిషి ఉంటాడు. దాన్ని దాటాలంటే బండికి ఏం కావాలో మామకు బాగా తెలుసు.

నెల రోజులు పని చేశాడు. లారీ వెనక తలుపును కిందికి వాల్చితే బల్ల అయ్యేట్టు మడత బందులు వేశాడు. మందుల పెట్టె, వంట పెట్టె విడివిడిగా, తాళ్లు విప్పకుండానే మూతలు తెరుచుకునేట్టు అమర్చాడు. గుడారం గుంజలు పక్క చెక్కకు కొక్కేల మీద పెట్టాడు. ముందుగా కావలసింది చివర ఎక్కించాలని ఆయన పట్టు. గుడారం అడుగున పెట్టిన డ్రైవరును, "పెండ్లికి పోతా తాళి మూటకింద పెడతావా?" అని అందరి ముందూ అడిగితే, ఆ డ్రైవరు మళ్లీ ఆ తప్పు చేయలేదు.

ఇక నీళ్ల తిత్తులు. రెండు బర్రె తోళ్లు. తంగేడు చెక్క, కరక్కాయ వేసిన తొట్టిలో ఊరబెట్టి, నూనె పట్టించి, సన్నటి తోలు వారుతో రెండు వరసలు కుట్టాడు. కుట్టినంతసేపూ మాట్లాడేవాడు కాదు. నీళ్లు నింపి మూడు రోజులు వేలాడదీసి, పారబోసి, మళ్లీ నింపి, తంగేడు వగరు పోయిందాకా నాచేత రుచి చూపించాడు. వాటిని లారీ చక్రాల నడుమ పటకాలతో కట్టాడు. రేకు డబ్బాలు చాలవా అని అడిగితే, "రాళ్ల మీద ఎగిరే బండిలో గట్టిది పగులుతుందల్లుడా. ఒదిగేదే నిలుస్తుంది," అన్నాడు. ఆ తిత్తి నీళ్లు మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండేవి. ఆయన ముఖంలో అంత ధీమా అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

బయలుదేరే రోజు పొద్దున మేం వెళ్లేసరికి తిత్తులు లేవు. లారీలో రెండు రేకు డ్రమ్ములు బిగించి ఉన్నాయి. తెల్ల రంగు వేసి సిలువ గుర్తు కూడా గీయించారు. తిత్తులు దొర బంగళా గోదాములో పడేయించానని నాయన చెప్పాడు. ఎందుకని నేనే అడిగాను.

"ఆ తోళ్లు వేలాడేసుకోని ఊళ్లలోకి పోతే, మనం ఎవరిమో బండే చెప్తుంది," అన్నాడు నాయన. "అది పోగొట్టుకోనీకేగదా ఇంత చదివింది."

మామ నెమ్మదిగా అన్నాడు: "మనమెవరమో వాళ్లకు తెలియందా బావా? తెలిసే గదా బావికాడికి రానియ్యరు."

నాయన ప్రార్థన మొదలుపెట్టాడు. అందరం కళ్లు మూసుకున్నాం.

మామ అలిగి ఇంటికి పోయుంటే బాగుండేది. ఆయన వచ్చాడు. తాను బిగించిన పెట్టెలు ఎట్లా నిలుస్తాయో చూసుకోవాలని వెనక బల్ల మీద కూర్చున్నాడు. పెట్టెలన్నీ నిలిచాయి. రెండో రోజు అర్ధవీడు దాటాక రాళ్లబాటలో డ్రమ్ముల అతుకులు విచ్చాయి. కొండ కిందున్న పాలెం చేరేసరికి వాటిలో చుక్క లేదు. మా వెనక బాట పొడవునా మట్టి తడిసి ఉంది.

ఆ పాలెం జనం వాగు ఇసుకలో తవ్వుకున్న చెలమ నీళ్లు తాగి బతుకుతున్నారు. ఒక కడవ నిండటానికి చాలాసేపు పట్టేది. అయినా మాకు పోశారు. వెనక్కి తిరుగుదామని మామ అన్నాడు. ఒక్క రోజుకు ఏమీ కాదని నాయన గుడారం వేయించాడు. పాటలు బాగా సాగాయి. మర్నాడు తెల్లారేసరికి చెలమ అడుగున తడి ఇసుక తప్ప ఏమీ లేదు. గర్భంతో ఉన్న ఒక అమ్మాయి ఖాళీ కడవతో దాని పక్కన కూర్చుని, మావైపు చూడకుండా ఇసుక తోడుతోంది.

మామ ఆ అమ్మాయి కడవ అడిగి తీసుకుని ఊరివైపు నడిచాడు. నేను వెనకే వెళ్లాను. ఒక రైతు కపిల తోలుతున్నాడు. మామ దూరంగా ఆగి, కడవ కింద పెట్టి, పోయమని అడిగాడు. రైతు ఎద్దులను తోలుతూనే ఉన్నాడు. చాలాసేపు నిలబడ్డాక మామ తొండంవైపు చూసి, "అది నా కుట్టు రెడ్డీ. రెండేండ్ల కింద కుట్టిచ్చినా," అన్నాడు.

"అయితే?" అన్నాడు రైతు.

మామ ముందుకు పోయి తొండం కింద కడవ పెట్టాడు. కడవ నిండేదాకా కదల్లేదు. రైతు ఎద్దులు తోలే ములుగర్ర మొదట వీపు మీద పడింది, తర్వాత కడవ పట్టుకున్న కుడి మణికట్టు మీద. నేను అడ్డుపోలేదు. ఇది కూడా ఆ సంచికలో లేదు కనుక రాస్తున్నాను. ఆయన ఎడమ చేత్తో కడవ భుజానికెత్తుకుని వచ్చాడు. లారీ దగ్గర మావాళ్లంతా నిలబడి ఉన్నారు. వాళ్లను దాటుకుంటూ పోయి, ఆ అమ్మాయి గుడిసె ముందు దించాడు.

విరిగిన చెయ్యి వంకరగా అతుక్కుంది. మళ్లీ తోలు కుట్టే ఆరె పట్టుకోలేకపోయాడు. తోళ్లు కుట్టేవాళ్ల పక్కన కూర్చుని నోటితో పని నేర్పుతూ బతికాడు. గిద్దలూరు అడవి పనులకు పోయే లారీలవాళ్లు, కనిగిరి దాకా సరుకు తోలేవాళ్లు ఆయన దగ్గర ఆగి బండి చూపించుకునేవాళ్లు. ఆయన ఎవరినీ కాదనలేదు. ఆ రోజు సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. "కోపం లేదా మామా?" అని ఒకసారి అడిగాను. "ఉంటే ఏంది, లేకుంటే ఏంది. ఆ పాపకు కొడుకు పుట్టినాడంట," అన్నాడు.

యాత్ర గురించి నాయన మిషన్ పత్రికకు పంపిన నివేదికలో "ఎక్కడా నీటికి లోటు కలగలేదు" అని ఉంది. శుభ్రమైన దస్తూరీతో దాన్ని ఎత్తి రాసింది నేనే.

సోమవారం మామను పెట్టెలో పెట్టేటప్పుడు చేతులు రొమ్ము మీద చేర్చబోయారు. ఎడమ చెయ్యి సులువుగా వచ్చింది. కుడి చెయ్యి ఒదగలేదు. ఇద్దరు పట్టుకుని చూసి, చివరికి అట్లాగే పక్కకు వదిలేశారు. పక్కన నిలబడ్డ ఒకాయన, ఇది ఎవరు చేసిన పాపమని నన్ను అడిగాడు. ములుగర్ర ఎత్తిన రైతు దుర్మార్గుడే, కానీ అతను మాకు ఏ మాటా ఇవ్వలేదు. దొరకు తెలియదు. డ్రైవరు చెప్పినట్టు తోలాడు. నేను పిరికివాణ్ణి, దాని శిక్ష నేను పడుతూనే ఉన్నాను. ఇన్నేళ్లూ ఎవరడిగినా ఎండాకాలం పేరు చెప్పి తప్పించుకున్నాను. నిన్న మాత్రం ఆయనకు సరైన జవాబు చెప్పాను: మా నాయన.