వేదిక మీది వాది

మా లంక భూమి తగాదా నడిచినన్నాళ్లూ మా ప్లీడరు గారు ఎదుగుతూనే ఉన్నారు. మొదట మునిసిపాలిటీలో సభ్యులయ్యారు. తరువాత జిల్లా రైతుల సంఘం పెట్టి దానికి పెద్ద అయ్యారు. ఆయన వెనక నడిచేవాళ్లు ఎక్కువైనకొద్దీ మా కాగితాలు కట్టల అడుగుకు పోయాయి. ఆయన మంచివారు, నేను కాదనను. మంచివారు కాకపోతే నాలుగు తిట్లు తిట్టుకుని అయినా ఊరట పొందేవాణ్ణి.

గోదావరి వరదకు మా ఒడ్డున మేట వేసిన నేలలో మేము పొగాకు వేసుకునేవాళ్లం. ఎగువ లంక ఆసామి ఆ నేల తనదన్నాడు. కోసుకుపోయిన తన భూమే ఇక్కడికొచ్చి పడిందట. మట్టి మీద పేరు రాసి ఉంటుందా? పైరు మీదుండగానే అతని మనుషులు మమ్మల్ని అందులో దిగనివ్వలేదు. మేము దావా వేశాం. పెద్దవాడు గనుక అది మా అన్నయ్య పేరునే పడింది. మా ఇంటిల్లిపాదికీ ఆ నేలే కూడు.

రాజమండ్రిలో రైతుల సభ పెట్టిన రోజే మా వాయిదా కూడా వచ్చింది. ప్లీడరు గారు అన్నయ్యను పిలిపించి, అన్యాయమైపోయిన రైతుగా వేదిక మీద తన పక్కన కూర్చోమన్నారు. నేను వాయిదా మాట ఎత్తితే నవ్వారు.

"మా జూనియరు అర్జీ పెట్టి గడువు అడుగుతాడు. నేనడిగితే ఏ జడ్జీ కాదన్నాడు చెప్పు?"

నిజమే, అంతవరకూ ఎవరూ కాదనలేదు. కొత్త జడ్జీ వచ్చాడన్న సంగతి తెలుసుకునే తీరిక ఆయనకు లేదు.

అన్నయ్య ఉతికిన పంచె కట్టుకుని సభకు వెళ్లాడు. నేను మనసాగక కోర్టుకు వెళ్లాను. బంట్రోతు వరండాలో నిలబడి అన్నయ్య పేరు మూడుసార్లు పిలిచాడు. నేను లోపలికెళ్లి దణ్ణం పెట్టాను.

"నేను ఆయన తమ్ముణ్ణండి. ఆ నేల దున్నింది నేనేనండి."

దావాలో నా పేరు లేదు గనుక నా మాట చెల్లదన్నారు. జూనియరు గడువు అర్జీ పెడితే, వాదికి జబ్బా అని కొత్త జడ్జీ అతన్ని అడిగాడు. ఊరంతా ఎరిగిన సంగతికి అబద్ధమాడలేక అతను తల దించుకున్నాడు. దావా కొట్టేశారు. నోరుండీ మూగవాడిలా నిలబడడం ఎలా ఉంటుందో నాకు ఆవేళ తెలిసింది.

పరుగున సభకు వెళ్లాను. జనంలో అడుగు ముందుకు పడలేదు. వేదిక మీద ప్లీడరు గారు అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి, ఈ రైతు భూమి పోనివ్వనని గర్జిస్తున్నారు. ఒకటే చప్పట్లు. మెడలో బంతిపూల దండతో అన్నయ్య నన్ను చూశాడు. దిగి రమ్మని చేతులు ఊపాను. అందరూ ఊపుతున్నారు కదా, నాదీ సంతోషమే అనుకుని నవ్వాడు.

సంగతి విన్న ప్లీడరు గారు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, దావా తిరిగి తెరవమని స్వయంగా వెళ్లి వాదించారు. అవతలి ప్లీడరు ఎక్కువ మాట్లాడలేదు. సభ వార్త వేసిన పత్రికను జడ్జీ ముందు పెట్టాడు. ఆ ఉపన్యాసమంతా మెచ్చుకుంటూ రాసి, లంక రైతు కూడా వేదిక మీద ఉన్నాడని వేశారు. కోర్టుకు రాకపోవడానికి తగిన కారణం లేదని ఆ అర్జీ కూడా కొట్టేశారు.

ఆ ఉపన్యాసంతోనే ఆయన పేరు మద్రాసు దాకా పాకింది. అక్కడి శాసనసభకూ వెళ్లారు. ఏరు దాటి తెప్ప తగలేసిన మనిషి కాదు ఆయన. మమ్మల్ని తెప్ప మీద పక్కన కూర్చోబెట్టుకునే ముంచారు.

మరుసటేడు ఆసామి ఆ నేలలోనే పొగాకు నాట్లకు కూలీలను పిలిస్తే అన్నదమ్ములం ఇద్దరం వెళ్లాం. వెళ్లక ఏం తింటాం? నారు నాటుతూ నేను ప్లీడరు గారిని నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆయన్నేమీ అనకురా. ఈ నేల మనదేనని అంతమందిలో చెప్పింది ఆయనొక్కరే."

ఆ మాట కాస్త గట్టిగానే అన్నాడు. గట్టు మీద ఆసామి నిలబడి ఉండడం చూసి, నడుం వంచి మళ్లీ నాటడం మొదలుపెట్టాడు.