ఆ తల్లికి నిజం చెప్పిన మా హెడ్ సిస్టర్ గారు

పోయిన ఆదివారం ఉదయం రామచంద్రపురం నుంచి ఫోన్ వచ్చింది. మా హెడ్ సిస్టర్ గారు ఇక లేరు. "అమ్మ నిద్రలోనే వెళ్లిపోయిందండి. ఏదైనా అయితే ముందు వార్డు వాళ్లకి చెప్పమనేది" అంది ఆవిడ కూతురు. కాకినాడలో నేను పనిచేసే ఆసుపత్రిలో, పసిపిల్లల వార్డులో, ఆవిడ చేతికిందే నేను నర్సుగా కుదురుకున్నాను. డ్యూటీకి వెళ్లి వార్డులో అందరికీ ఆ మాట చెప్పాను.

ఆవిడది మెత్తని గొంతు. రాగానే గాజులు, గడియారం తీసేసి మోచేతుల దాకా కడుక్కునేవారు. కడుక్కుంటూ లోగొంతులో ఏదో చర్చి కీర్తన పాడుకునేవారు. చరణం పూర్తయ్యేదాకా చేతులు రుద్దుతూనే ఉండేవారు.

ఒక వర్షాకాలం మా వార్డు చాలా చెడ్డ రోజులు చూసింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు వరసగా ఇన్ఫెక్షన్ సోకింది. ఒక ఆడపిల్ల దక్కలేదు. పాలకొల్లు దగ్గర పల్లె నుంచి వచ్చిన కూలి మనిషి ఆ తల్లి. వరండాలో గోడకానుకుని, "నా పాలే పడలేదేమోనండి" అని అందరితో అంటోంది. హెడ్ సిస్టర్ గారు వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. నేను వెనకే ఉన్నాను.

"నీ తప్పేం లేదమ్మా. ఒక బిడ్డను పట్టుకున్న చేతులతోనే ఇంకో బిడ్డను పట్టుకున్నాం. జబ్బు మా చేతుల నుంచే వచ్చి ఉంటుంది. మమ్మల్ని క్షమించు" అన్నారు.

ఆ తల్లి తలెత్తి ఆవిడ ముఖంలోకి చూసింది.

"అయితే నా పాలు మంచివేనాండి?"

"మంచివేనమ్మా."

అప్పుడు ఏడ్చింది ఆ తల్లి, అప్పటిదాకా రాని ఏడుపు.

ఈ మాట పైవాళ్ల దాకా వెళ్లింది. "అలా ఎందుకు చెప్పారండీ? రేపు కేసు పెడితే?" అని అడిగారు. "పెట్టనివ్వండి. ఆ తల్లి బతికినన్నాళ్లూ తన పాలను తిట్టుకోకూడదు కదండీ" అన్నారీవిడ. ఆవిడను వార్డు నుంచి తీసేసి ఓపీకి మార్చారు. మాలో ఒక్కరు కూడా ఆవిడ తరఫున మాట్లాడలేదు. పిల్లలు మళ్లీ జబ్బు పడ్డాకే వెనక్కి పిలిచారు.

వచ్చిన రోజు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, "చేతులు ఎందుకు కడుక్కోలేకపోతున్నామో చెప్పండి. తిట్టను" అన్నారు. బేసిన్ వరండా చివర ఉందని ఒకరన్నారు. సబ్బుకి చర్మం పగిలి మండుతోందని ఇంకొకరు చేతులు చూపించారు. ఇద్దరు పిల్లలు ఒకేసారి ఊపిరందక నీలంగా మారుతుంటే కాళ్లు బేసిన్ వైపు పోవని నేనన్నాను. ఆవిడ అన్నీ విన్నారు. తర్వాత వార్డు లోపలే బేసిన్ పెట్టించేదాకా పైవాళ్లను వదల్లేదు. ప్రతి మంచానికీ శానిటైజర్ సీసా కట్టించారు. తల్లులతో, "మమ్మల్ని అడగండమ్మా, చేతులు కడుక్కున్నారా అని. ఏమీ అనుకోం" అని చెప్పేవారు. మొదట్లో అడగడానికి భయపడ్డారు. ఒకరోజు ఒక బాలింత పెద్ద డాక్టరు గారినే అడిగేసింది. ఆయన వెనక్కి తిరిగి బేసిన్ దగ్గరికి వెళ్లారు.

జబ్బులు తగ్గాయి, పూర్తిగా పోలేదు. ఎవరైనా మెచ్చుకుంటే, "తగ్గితే చాలదమ్మా, జబ్బు పడే ఆ ఒక్క బిడ్డకీ తల్లి ఉంటుంది" అనేవారు. ఈరోజు మా వార్డు నుంచి ఒళ్లో బిడ్డతో ఇంటికెళ్లే ఏ తల్లికీ ఆవిడ ఎవరో తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఆ ఆదివారమే, వార్డులో కబురు చెప్పాక, సెలవు అడిగి కొందరం రామచంద్రపురం వెళ్లాం. పాస్టరు గారు వచ్చేలోపు స్నానం చేయించే పని మాకే ఇచ్చింది కూతురు. గోరువెచ్చని నీళ్లు పెట్టారు. ఒక చేయి నేను, ఒక చేయి ఇంకో సిస్టరు పట్టుకున్నాం. అరచేతులు, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలి చుట్టూ కడిగాం. బయట జనం ఎదురుచూస్తున్నా మేం తొందరపడలేదు. తుడిచి గుండెల మీద పెట్టాక కూడా, ఆ నీళ్ల వేడికి ఆవిడ చేతులు కాసేపు వెచ్చగానే ఉన్నాయి.