ట్రాక్టర్ తాళం చెవి

కెనడాలోని సార్నియాలో డ్రైవింగ్ టెస్ట్ పాసైన రోజు పార్కింగ్ లాట్‌లోనే గంతులేశాను. జనం చూస్తే చూడనీ అనుకున్నాను.

ఆ ఊళ్లో బస్సులు అంతంతమాత్రం. కాలేజీలో చదువుకుంటూ నేను పార్ట్‌టైమ్ చేసే బేకరీ ఊరి చివర ఉండేది, షిఫ్టేమో తెల్లవారుజామున. "ఆడపిల్లవి, నీకెందుకీ తిప్పలు? మేం డ్రాప్ చేస్తాంలే" అనేవాళ్లు మా క్లాసు అబ్బాయిలు. మంచివాళ్లే. కానీ వాళ్లు నిద్ర లేచేదాకా నేను బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చోవాలి. ఇంకోసారి ఆలస్యమైతే ఇక రావద్దని మేనేజర్ చెప్పేసింది. ఒళ్లు మండి డ్రైవింగ్ నేర్చుకోవడానికి చేరిపోయాను.

ఆ ఎదురుచూపు నాకు కొత్త కాదు. నాన్న దుబాయ్‌లో ఉంటే, జగిత్యాల దగ్గర మా పల్లెలో పొలమంతా అమ్మే చూసుకునేది. ట్రాక్టర్ కొన్ననాడు దానికి బొట్టు పెట్టింది అమ్మే, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది అమ్మే. తాళం చెవి మాత్రం చిన్నాన్న జేబులో ఉండేది. ఆడది స్టీరింగ్ పడితే ఊరు నవ్వుతుందట! నారు ముదిరిపోతున్నా ఆయనకు తీరిక దొరికేదాకా అమ్మ గట్టు మీద నిలబడేది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

మొదటిసారి పార్కింగ్ దగ్గర తప్పాను. రెండోసారి పాసయ్యాను. గంతులు ఆగకముందే అమ్మకు వీడియో కాల్ చేశాను. ఇక్కడ పొద్దున్నే, అక్కడ ఇంకా పొద్దుగూకలేదు.

"అమ్మా, పాసైన!"

అమ్మ సంతోషం పట్టలేక కేకేసింది. తర్వాత ఫోన్ కాస్త దూరంగా పట్టుకుంది. ఆమె కూర్చున్నది ట్రాక్టర్ సీటు మీద! చేతిలో తాళం చెవి ఊగుతోంది.

"మీ చిన్నాయిన దగ్గర గుంజుకున్న. నా బిడ్డ కెనడాల కారు నేర్సుకోంగ నేనింకా గట్టు మీద నిలవడాల్నా అన్న. జల్ది చెప్పు బిడ్డా, ఈ క్లచ్ ఎట్ల తొక్కాలె?"

నాకు గుండె ఉప్పొంగింది, మరుక్షణమే సిగ్గేసింది.

"నేను నేర్చుకున్న కారుకు క్లచ్ లేదమ్మా. నాకు రాదు."

అమ్మ పకపకా నవ్వింది.

"గదేం డ్రైవింగే! సరె తియ్, నేనే నేర్సుకుంట. నువ్వొచ్చినంక నీకు నేర్పుత."