బ్రిజిట్ పుట్టిల్లు

జోసఫిన్ రిటైరయ్యేదాకా అమెరికాలో, షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో స్కూల్ బస్సు నడిపింది. ఊళ్ళో ప్రతి వీధీ ఎరుగును గాని, పిలవకుండా ఎవరి గుమ్మమూ తొక్కి ఎరగదు. కన్నకొడుకు ఎవాన్ ఇంటికి రావాలన్నా ముందు ఫోన్ చేస్తుంది. ఆమె వియ్యపురాలు దీనమ్మ అలా కాదు. కూతురు క్రిస్టీ తొలి కాన్పుకని చీరాల నుంచి దిగిన వారానికే, ఆ వరుసలో ఏ ఇంట్లో ఎవరు ఏం వండుకుంటారో ఆవిడకు తెలిసిపోయింది.

జోసఫిన్‌కి కళ్ళు ఆనడం తగ్గిపోతోంది. ఎదురుగా ఉన్నది మసక; పక్కల అంచులు మాత్రం కనిపిస్తాయి. అందుకే ఎవరినైనా చూడాలంటే ముఖం పక్కకు తిప్పి, ఓరగా చూస్తుంది. అదైనా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు. ఈలోపే ఆమెకు తన ముత్తవ్వ బ్రిజిట్ పుట్టిన చోటు చూడాలని ఉంది. ఇంకే కోరికా లేదు.

బ్రిజిట్ మొగుడు పోయాక ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని ఐర్లండులో ఓడెక్కి, షికాగోలో ఇళ్ళ వెంట బట్టలుతికి వాళ్ళను పెంచిన మనిషి. పుట్టింటి సంగతి ఎవరైనా ఎత్తితే "అక్కడ ఇంకేముంది?" అనేదట. షికాగో చర్చిలో ఆమె సమాధి వివరం రాసిన చోట పుట్టింది ఐర్లండు మేయో జిల్లాలో అని ఉంది, ఊరు లేదు. భర్త మార్టిన్ ఊరు మాత్రం తెలుసు. అక్కడి చర్చి పాత పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్లో ఉన్నాయి. వాటిలో చిన్నపిల్లలిద్దరి బాప్తిస్మాలూ దొరికాయి. పెద్దవాడు థామస్, జోసఫిన్‌కి సొంత తాత, అతనిదే లేదు. పెళ్ళి రాతా లేదు. ఏ పేజీలో కన్ను జారిందోనని ఆమె అవే పేజీలు తిప్పి తిప్పి చూస్తోంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, తల్లికి పెద్దగా కనబడాలని ఎవాన్ ఆ పేజీలను టీవీలో పెట్టాడు. దీనమ్మ బాలింత కారానికి వెల్లుల్లి ఒలుస్తోంది.

"ఏంటి వదినగారూ, ఆ చీమల బారు చూస్తున్నారు?"

"అత్తయ్యా, అమ్మ వాళ్ళ తాత బాప్టిజం సెర్చ్ చేస్తుంది. దొరకట్లేదు," అన్నాడు ఎవాన్ వచ్చీరాని తెలుగులో.

"దొరుకుద్దిలే బాబూ. నా గోడు ఎవరు వింటారు? తొలి కాన్పు పుట్టింట్లో అవ్వాలి. క్రిస్టీని నేను మా అమ్మ దగ్గరే కన్నాను, బాప్తిస్మం కూడా మా అమ్మోళ్ళ చర్చిలోనే ఇప్పించాం. ఇప్పుడేమో నేనే మూటాముల్లే కట్టుకుని కూతురింటికి వచ్చా! మా చుట్టాలు ఒకటే నవ్వు."

"అమ్మా, నా ఇన్సూరెన్స్ ఇక్కడుంది, నువ్వు ఇక్కడికి వచ్చావ్. ఇంక వదిలెయ్," అంది క్రిస్టీ.

"వదినా ఏమంటోంది?" అని అడిగింది జోసఫిన్. 'వదినా' అన్న మాటొక్కటే ఆమె నేర్చుకున్న తెలుగు. ఎవాన్ ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె టీవీ వదిలి, దీనమ్మ వైపు ఓరగా చూసింది.

"మా అమ్మ కూడా నన్ను అమ్మమ్మ ఇంట్లోనే కన్నది," అంది. "నేను ఇన్నాళ్ళూ బ్రిజిట్ మొగుడి ఊళ్ళోనే వెతుకుతున్నాను."

ఆ రోజు నుంచి చుట్టుపక్కల ఊళ్ళ చర్చి పుస్తకాలు మొదలుపెట్టారు. ఊరికో బ్రిజిట్, ఇంటికో మార్టిన్. ఒకసారి దీనమ్మ "ఇదే! దేవునికి స్తోత్రం!" అని చప్పట్లు కొట్టింది. తీరా చూస్తే తండ్రి పేరు మైఖేల్. ఈ మధ్యలోనే క్రిస్టీకి ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి, ఒళ్ళో పాపను పెట్టుకునే ఎవాన్ ఆ పేజీ తెరిచాడు. థామస్. తండ్రి మార్టిన్, తల్లి బ్రిజిట్. ఆమె పుట్టింటి పేరూ సరిపోయింది. ఊరు నాక్‌డారా. అంతకు ముందటి ఏడాది పేజీల్లో వాళ్ళ పెళ్ళీ ఉంది.

పాపకు మూడో నెల రాగానే తల్లీకొడుకులు ఐర్లండు వెళ్ళారు. నాక్‌డారా చేరి వీడియో కాల్ చేశారు. దీనమ్మ పాపను భుజాన వేసుకుని కూర్చుంది, పక్కన క్రిస్టీ ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతోంది.

"వదినా, నాకు అంతా పచ్చగా మసగ్గా ఉంది. నువ్వు చూసి చెప్పు."

"రాళ్ళ గోడుంది. సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చారంతే. గొర్రెలున్నాయి. ఒకదాని వీపున నీలం రంగు పూశారు, ఎందుకో! కప్పు లేని గదొకటి, లోపలంతా గడ్డి."

జోసఫిన్ తడుముకుంటూ వెళ్ళి ఆ గది గోడ మీద చెయ్యి వేసింది. "బహుశా ఇదేనేమో. ఇక చాలు."

"చాలేంటి? ఆ వెనకింట్లోంచి పొగ వస్తోంది, మనుషులున్నారు. ఎళ్ళి అడగండి!"

"పిలవని ఇంటికి ఎలా వెళ్తాం?"

"పుట్టింటికి పిలుపెందుకు వదినగారూ?"

క్రిస్టీ అది ఇంగ్లీషులో చెప్పింది. జోసఫిన్ చేతిసంచి కొడుక్కిచ్చి, ముఖం పక్కకు తిప్పి దారి చూసుకుంటూ ఆ ఇంటివైపు నడిచింది. తలుపు మెల్లగా తట్టింది. ఎవరూ పలకలేదు. ఈసారి గట్టిగా కొట్టింది.

లోపల కుక్క మొరిగింది. ఎవరో దాన్ని కసురుకుంటూ గుమ్మం దగ్గరికి వస్తున్నారు.