ఒక్క డిస్కులో నాలుగు గంటలు

చెల్లి పెళ్ళి వీడియో ఏళ్ళుగా హార్డ్ డిస్కులో పడి ఉంది. అమ్మకి ఫోనులో చూడటం రాదు. అందుకే దాన్ని బ్లూరే డిస్కు చేయిద్దామని ద్వారకా నగర్‌లో ఒక వీడియో షాపుకి వెళ్ళాను.

ఖాళీ డిస్కు ఒక్కటే మిగిలిందన్నాడు షాపతను.

"నాలుగ్గంటలూ ఇందులో పట్టేత్తాది గానీ, క్వాలిటీ తగ్గించాల బావా. సగం తీసేత్తే బొమ్మ అద్దంలా ఉంటాది. ఏటి సేద్దాం?"

రెండు రకాలూ కాస్త కాస్త చేసి చూపించమన్నాను. క్వాలిటీ తగ్గించినదాంట్లో పీటల మీద కూర్చున్నవాళ్ళు బాగానే ఉన్నారు. కదిలేవాళ్ళ ముఖాలే గళ్ళుగళ్ళుగా చెదిరిపోతున్నాయి. నిరుడు పోయిన మా నాన్న ఆ పెళ్ళిలో ఒక్క చోట నిలబడితేగా! స్టీలు ప్లాంటులో తనతో పనిచేసేవాళ్ళకి వడ్డిస్తూ పరుగులు పెడుతూనే ఉన్నాడు. సగం తీసేస్తే ఆయన ముఖం తేటగా కనిపిస్తుంది. కానీ ఆయన లేని సగం ఏది?

అమ్మకి ఫోన్ చేశాను.

"ఏటీ తియ్యకు. అంతా ఉండాల," అంది.

మొత్తం ఎక్కించుకుని కూర్మన్నపాలెంలో మా ఇంటికి తెచ్చి టీవీలో పెట్టాను. నాన్న సాంబారు బకెట్‌తో రాగానే ముఖం చెదిరింది.

"మొకం సరిగ్గా కనపడతం లేదు కదమ్మా?"

"మీ నాన్న ఎప్పుడు కుదురుగున్నాడేటి!" అని నవ్వింది.

కాసేపటికి లేచి, టీవీకి బాగా దగ్గరగా వెళ్ళి, కళ్ళు చిట్లించి చూస్తూ నిలబడిపోయింది. మొత్తం ఉంచడమే మంచిదయిందో, కాదో, నాకిప్పటికీ తేలలేదు.