సరస్సు ఒడ్డున బతాకా లేకుండా

నా చిన్నప్పుడు నేను దేవుడికన్నా గట్టిగా నమ్మింది బతాకాని. కువైట్ సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, బతాకా అంటే అక్కడ ఉండడానికి మనకు ఇచ్చే గుర్తింపు కార్డు. మా నాన్న కువైట్ సిటీకి దగ్గర్లో ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరు, మా అమ్మ అదే ఇంట్లో వంటమనిషి. గేటు పక్కనున్న గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను గేటు దాటే ప్రతిసారీ నాన్న నా బతాకాని చిన్న గుడ్డసంచిలో పెట్టి మెడలో వేసేవాడు. "ఒంటి మీద గుడ్డ ల్యాకపోయినా పర్వాల్యా గానీ, ఇది ల్యాకుండా అడుగు బయట పెట్టొద్దు అమ్మీ. పోలీసోళ్ళు పట్టుకుంటే నిన్నూ మీయమ్మనీ ఇమానం ఎక్కించేస్తారు" అనేవాడు. నాకు జాగ్రత్త నేర్పాలని ఆయన ఉద్దేశం. నేను నేర్చుకున్నది మాత్రం భయం. టోపీ పెట్టుకున్న మనిషి కనబడితే చాలు, నా చెయ్యి మెడ దగ్గరికి పోయేది.

నాకు పదేళ్ళప్పుడు ఆ ఇంటివాళ్ళు వేసవికి ఇటలీలో ఒక సరస్సు దగ్గరికి బయల్దేరారు. మామాకి, అంటే మా ఇంటి యజమానురాలికి, అక్కడ కూడా మా అమ్మ చేతి వంటే కావాలి. మామా చిన్నకూతురికి నాలుగేళ్ళు. నేను పెడితే తప్ప అన్నం ముట్టదు. అలా అమ్మతో పాటు నేనూ విమానం ఎక్కాను. ఇంటి కాపలాకి నాన్న ఉండిపోయాడు. మా పాస్‌పోర్టులు, బతాకాలు అన్నీ మామా తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. నా మెడలో సంచి లేదు. ఆ నెల్లాళ్ళూ నాకు బట్టలు సరిగ్గా వేసుకోనట్టే ఉండేది.

ఆ సరస్సుని మా అమ్మ మొదటిరోజు చూసి, "ఎంత పెద్ద చెరువే" అంది. చుట్టూ కొండలు, కొండల కాళ్ళ దగ్గర రంగురంగుల ఇళ్ళు. మన బస్సు ఊరూరా ఆగినట్టు అక్కడ పెద్ద పడవ రేవు రేవునా ఆగుతుంది. కువైట్ ఎండలో మగ్గిన మాకు ఆ చల్లగాలి కలలాగే ఉండేది. పడవ ఎక్కడం నాకు ఎంతిష్టమో చెప్పలేను.

ఒక మధ్యాహ్నం అందరం పడవలో ఇంటికి తిరిగి వస్తున్నాం. అమ్మ కూరగాయల సంచులతో కింద కూర్చుంది. మామా మిగతా పిల్లలతో పైన ఉంది. చిన్నపాప చెయ్యి నా చేతిలో. దారిలో ఒక రేవులో పడవ ఆగినప్పుడు ఒడ్డున బాతులు కనబడ్డాయి. పాప నా చెయ్యి విదిలించుకుని, దిగేవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి జారి బయటికి పరుగెత్తింది. నేనూ దూకాను. బాతుల దగ్గర దాన్ని పట్టుకుని వెనక్కి తిరిగేసరికి పడవకీ ఒడ్డుకీ మధ్య వేసిన పలక తీసేశారు. పడవ కదిలిపోయింది. ఎంత అరిచినా ఇంజను మోతలో ఎవరికీ వినబడలేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మ ఉన్న పడవ చూస్తుండగానే చిన్నదైపోతోంది. రేవులో టికెట్లమ్మే ఆయన మమ్మల్ని చూసి ఏదో అంటూ ఇటే వచ్చాడు. ఆయన నెత్తిమీద టోపీ ఉంది. పాపం, సాయం చేద్దామనే వచ్చి ఉంటాడు. నాకు మాత్రం నాన్న మాటే చెవిలో మోగింది. పాపని చంకనేసుకుని పరుగు తీశాను. ఒడ్డున బోర్లించిన చేపల పడవలుంటే వాటి వెనక రాళ్ళ మధ్య నక్కి కూర్చున్నాను.

కాసేపటికి నిజం పోలీసులే ఇద్దరు వచ్చారు. మామా తర్వాతి రేవులో దిగి ఫోను చేయించిందని, వాళ్ళు మా కోసమే వెతుకుతున్నారని నాకెలా తెలుస్తుంది? నా మెడ తడుముకున్నాను. ఏమీ లేదు. పాప ఏడుపు అందుకోబోతే దాని నోరు అరచేత్తో గట్టిగా మూసేశాను. ముక్కు కూడా మూశానేమో, మొహం ఎర్రగా కందిపోయింది. అది నా చెయ్యి కొరికింది. అయినా తియ్యలేదు. గాలి లేచి నీళ్ళు రాళ్ళకి కొట్టుకుని మా ఇద్దరి కాళ్ళూ తడిసిపోయాయి.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఇన్నేళ్ళలో మా అమ్మకి కూడా చెప్పని సంగతి ఇది. ఈ పిల్ల కువైటీ, దీన్ని పోలీసులు ఏమీ చెయ్యరు, పట్టుకునేది నన్నే కదా అనుకున్నాను. నోటి మీద చెయ్యి తీసి, "పో, ఆళ్ళకాడికి పో" అని దాన్ని ముందుకు నెట్టాను. నాలుగేళ్ళ పిల్లని ఆ నీళ్ళ పక్కన ఒంటరిగా నెట్టాను. అది పోలేదు. నా గౌను రెండు చేతులతో పట్టుకుని నా పొట్టలో తల దూర్చింది.

ఇంతలో ఎదురు పడవ వచ్చి ఆగింది. అందులోంచి మా అమ్మ దిగింది. ఒక్కతే. కువైట్‌లో పోలీసు బండి కనబడితే రోడ్డు అవతలికి దాటేసే మా అమ్మ, తిన్నగా ఆ ఇద్దరి దగ్గరికే వెళ్ళి ఒకాయన చొక్కా చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో ఇంత పిల్ల, ఇంత పిల్ల అని ఎత్తులు చూపించింది. ఇంక అమ్మ పని అయిపోయింది, ఇమానమే అనుకున్నాను. "అమ్మీ" అని పిలిచింది. నేను పలకలేదు. మళ్ళీ పిలిచింది. గొంతు దాకా వచ్చింది గానీ టోపీలు చూసి మింగేశాను.

అమ్మ చుట్టూ చూసింది. నేనెందుకు రావడం లేదో ఆ క్షణంలో ఆమెకి తట్టి ఉంటుంది. రేవు అంచున కూలబడి, జాకెట్టులోంచి ఏదో అట్టముక్క తీసి పైకెత్తి పట్టుకుంది. "నీ బతాకా నాకాడ ఉందమ్మీ, తెచ్చినా. పోలీసాయన చూసి బాగుందంటాండాడు. ఇంక రా" అని, అన్నానికి పిలిచినంత నింపాదిగా చెప్పింది. అలా అంటూనే ఆ ముక్కని పోలీసాయన చేతిలో పెట్టింది. ఆయనకి ఏం అర్థమైందో ఏమో, అటూ ఇటూ తిప్పి శ్రద్ధగా చూసి తల ఊపాడు. అప్పుడు లేచాను. పాపతో సహా దగ్గరికి వెళ్ళాక ఆయన ఆ అట్టముక్కని రెండు చేతులతో నాకు అందించాడు. తీరా చూస్తే అది పడవ టికెట్టు.

నేను అమ్మ ఒళ్ళో పడి ఏడ్చాను. అమ్మ ఓదారుస్తూ మాట్లాడుతూనే ఉంది, గొంతు స్థిరంగానే ఉంది. కానీ నా చెంప కింద ఆమె మోకాళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఎంతగా అంటే నా పళ్ళు కూడా అదిరాయి. ఆమె రేవు అంచున కూర్చుంది నన్ను పిలవడానికి కాదు, కాళ్ళు నిలవక.

తిరుగు పడవలో అడిగాను, నీ బతాకా ఏదీ అని. "నాకాడ యాడిది? మామా సంచీలో ఉంది" అంది.

"మడి పోలీసోళ్ళ కాడికి ఎట్లా పోతివి?"

"పోకుంటే నువ్వు దొరుకుతావా?"

మామా పాపని ఎత్తుకుని ఏడ్చింది, నన్నొక దెబ్బ కొట్టింది, తర్వాత నన్నూ దగ్గరికి లాక్కుని ఏడ్చింది. దాక్కున్న సంగతి మా అమ్మ ఆమెకి ఎన్నడూ చెప్పలేదు. పిల్లలు పడవ తప్పిపోయారు, ఖలాస్, అని ఊరుకుంది.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. కువైట్‌లోనే ఖైతాన్‌లో ఉంటూ ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. కడప నుంచి, రాయచోటి నుంచి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు కాగితాలు పోగొట్టుకునో, మరేదో చిక్కు వచ్చో పోలీస్ స్టేషన్‌కి పోవాలంటే హడలిపోతారు. నన్ను వెతుక్కుంటూ వస్తారు. నేను వాళ్ళ చెయ్యి పట్టుకుని వెంట వెళ్తాను. నాకు భయమే లేదని వాళ్ళ నమ్మకం. ఆ స్టేషన్ మెట్ల దగ్గర నా మోకాళ్ళు ఈనాటికీ వణుకుతాయి. మా అమ్మ మోకాళ్ళు వణికినట్టే వణుకుతాయి. ఆ వణుకుతోనే మెట్లెక్కుతాను.