ఇద్దరు రాజయ్యల మస్టర్

ప్రతి నెలా మొదటి ఆదివారం, సరిగ్గా 9:40కి మేము కాకా అని పిలిచే పెద్దాయన మా ఇంటికి వచ్చేవారు. శ్రీరాంపూర్ కాలనీలో ఆయన క్వార్టర్ మా గేటుకు నాలుగు వందల మీటర్లు. బొగ్గుగనిలో ముప్పై ఒక్క ఏళ్లు కార్మికుల హాజరు రాసిన మస్టర్ క్లర్కు. రిటైరయ్యాక వాళ్ల వైద్య సహాయ నిధి లెక్కలు చూసేవారు. బ్యాంకు ఇచ్చిన ఎక్సెల్ ఫైలును నేను నా ఇంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే, ఆయన ప్రింటు కాగితంపై ఒక్కో వరుసనూ గోటితో గీస్తూ అడిగేవారు: "మస్టర్ పడ్డదా, బిడ్డా?"

ఒకసారి ఫైలులో 212 వరుసలుంటే 211 మాత్రమే ఎక్కాయి. ఒకే తేదీన, ఒకే పేరున ఉన్న రెండు వేల రూపాయల జమలు రెండింటిని సాఫ్ట్‌వేర్ ఒకటిగా లెక్కించింది.

"అది డూప్లికేట్, కాకా. మంచిగనే తీసేసింది," అన్నాను.

"ఏం మంచిగ? రాజయ్యలు ఇద్దరున్నరు. పేరొక్కటైతే ఒక్కనికే హాజరేస్తమా? రెండో రాజయ్యకు ఎల్లుండి గుండె ఆపరేషన్. చందా కట్టలే అని రాస్తే సాయం రాదు. నీ మిషిన్ ఒక్కనాడన్న బొగ్గు బాయిల దిగిందా?"

ఎక్కినవన్నీ చెరిపి, డూప్లికేట్లను తీసేసే వడపోత ఆపి, మళ్లీ ఎక్కించాను. చివరి వరుస గీసిన తర్వాతే ఆయన చాయ్ ముట్టారు.

జమలో తేడా సున్నా. ఖర్చు: ప్రింటుకు పద్దెనిమిది రూపాయలు, యాభై నిమిషాలు. సాయం కోల్పోయిన రాజయ్యలు: ఎవరూ లేరు.